నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే ఏం చదవాలి? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు రాగానే మొదలయ్యే ప్రశ్నలివి. కొన్నిటిని పిల్లలు అడుగుతారు, ఎక్కువగా తల్లిదండ్రులు అడుగుతారు. రెండు మూడేళ్లు డ్యూటీ చేసి "జీవితమంతా ఇంతేనా?" అనిపించిన స్టాఫ్ నర్సులు అడిగేవి ఇంకొన్ని. నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పే మనిషిగా వాటికి జవాబులు ఒకచోట రాస్తున్నాను. కాలేజీ ఫీజులు, చివరి తేదీలు ఏటా మారిపోతాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

అసలు నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరు? స్టాఫ్ నర్సు, నర్స్ ప్రాక్టీషనర్ ఒకటి కాదా?

కాదు. నర్సుగా రిజిస్టరై, కొన్నాళ్లు పని చేసి, ఆ పైన ఇంకో చదువు చదివి, కొన్ని నిర్ణయాలు తనే తీసుకోవడానికి శిక్షణ పొందిన నర్సు.

రాత్రి రెండింటికి ఐసీయూలో ఒక పేషెంటుకి బీపీ పడిపోతోంది అనుకోండి. స్టాఫ్ నర్సు గమనిస్తుంది, డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తుంది, చెప్పిన మందు చెప్పిన మోతాదులో పంపులో పెడుతుంది, కేస్ షీట్‌లో రాస్తుంది. అదే బెడ్ దగ్గర నర్స్ ప్రాక్టీషనర్ ఉంటే, బీపీ ఎందుకు పడుతోందో తేల్చే పని కూడా ఆమెదే. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయా, వెచ్చగానే ఉన్నాయా? యూరిన్ బ్యాగులోకి గంటకి ఎంత వస్తోంది? డ్రెస్సింగ్ కింద రక్తం కారుతోందా? ఏబీజీ అనే ధమని రక్త పరీక్షకి రక్తం తీసి, అందులో లాక్టేట్ చూసి, ఆసుపత్రి ముందే రాసిపెట్టుకున్న ప్రోటోకాల్ ప్రకారం ఫ్లూయిడ్స్ మొదలుపెట్టి, "సర్, పరిస్థితి ఇదీ, నేను చేసింది ఇదీ, ఇక మీరు రావాలి" అని డాక్టరుకి చెబుతుంది. ఆ పది నిమిషాల తేడా కోసమే ఈ చదువంతా.

ఈ పద్ధతి 1965లో అమెరికాలో, కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ప్రారంభించారు. డాక్టర్లు సరిపోని చోట్ల పిల్లల ఆరోగ్యం చూసుకోవడానికి నర్సులకు శిక్షణ ఇవ్వడం అప్పటి ఉద్దేశం.

మన దేశంలో ఈ కోర్సు ఉందా?

ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, అంటే ఐఎన్‌సీ, రూపొందించినవాటిలో రెండిటి గురించి ముందు తెలుసుకోవాలి.

మొదటిది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. అందరూ ఎన్‌పీసీసీ అంటారు. రెండేళ్ల పీజీ కోర్సు, రెసిడెన్సీ పద్ధతిలో, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ నేర్చుకునేలా నడుస్తుంది. బీఎస్సీ నర్సింగ్‌లో 55 శాతం మార్కులు, నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉండాలి. ఆ అనుభవం ఐసీయూ లాంటి చోటైతే మరీ మంచిది.

రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ, 18 నెలలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 డిసెంబరులో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేశాక దీనికి ఊపు వచ్చింది. మన పక్క రాష్ట్రం తెలంగాణ అంతకు ముందే, 2017లోనే, ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. సాధారణ కాన్పును అనవసరపు కోతలు లేకుండా మొదటి నుంచి చివరి దాకా మిడ్‌వైఫే చూసుకోవడం, తేడా వస్తే వెంటనే డాక్టరుకి అప్పగించడం ఇందులో అసలు పని.

ఇది చదివితే గవర్నమెంటులో "నర్స్ ప్రాక్టీషనర్" పోస్టు వస్తుందా?

ఆ ఆశతో చేరకండి. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో నర్స్ ప్రాక్టీషనర్ కేడర్ ఏర్పాటు చేయాలని రాశారు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పార్లమెంటులో పాసైంది. కాగితం మీద దారి పడుతోంది. కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా పడే నోటిఫికేషన్లు స్టాఫ్ నర్సు పోస్టులకే. ఎయిమ్స్‌లో అయితే నర్సింగ్ ఆఫీసర్, దానికి నార్‌సెట్ అనే ఎంపిక పరీక్ష రాయాలి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు ఎన్‌పీసీసీ చదివినవాళ్లని ఐసీయూల్లో తీసుకుంటాయి గానీ, హోదా పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒకచోట క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ అంటారు, ఇంకోచోట ఐసీయూ ఇన్‌చార్జ్ అనే అంటారు.

అందుకే ఎవరికైనా నేను చెప్పేది ఒక్కటే: మెట్టు మెట్టుగా ప్లాన్ చేసుకోండి, ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా చేతిలో ఉద్యోగం ఉండేలా చూసుకోండి. బీఎస్సీ దగ్గర ఆగితే రిజిస్టర్డ్ నర్సు. రెండేళ్లు ఐసీయూలో చేసి ఆగితే అనుభవం ఉన్న ఐసీయూ నర్సు, ఆ మనిషి ఎక్కడికెళ్లినా రేపే జాయిన్ అవ్వమంటారు. ఎన్‌పీ, అంటే నర్స్ ప్రాక్టీషనర్, ఆ పై మెట్టు.

నర్స్ ప్రాక్టీషనర్ మందులు రాయొచ్చా? సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చా?

మన దగ్గర డాక్టరులా సొంత ప్రిస్క్రిప్షన్ రాసే హక్కు లేదు. డాక్టర్ పర్యవేక్షణలో, రాసిపెట్టిన ప్రోటోకాల్ పరిధిలో మందులు ఇవ్వడం వరకే. క్లినిక్ బోర్డు పెట్టుకోవడం గురించి ఆలోచించకండి. అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో ఎన్‌పీలు డాక్టర్ పర్యవేక్షణ లేకుండానే ప్రాక్టీసు చేయొచ్చు. యూట్యూబ్‌లో చూసేవి ఆ వీడియోలే.

ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి? మా అమ్మాయి ఎంపీసీ తీసుకుంది, ఇక అవకాశం లేదా?

బీఎస్సీ నర్సింగ్‌కి బైపీసీ కావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి, జనరల్ కేటగిరీకి సైన్సు సబ్జెక్టుల్లో 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం. చేరే ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్లు నిండాలి. సీట్ల భర్తీ విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. మధ్యలో 2022 నుంచి కొంతకాలం డాక్టర్ వైఎస్సార్ పేరుతో ఉంది, పాత సర్టిఫికెట్లలో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే. ఏ ఎంట్రన్స్ ర్యాంకు చూస్తారన్నది ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌లోనే చూడండి. పక్కింటి వాళ్ల పిల్ల రెండేళ్ల క్రితం ఎలా చేరిందో అడిగి అలాగే చేద్దామనుకుంటే మోసపోతారు.

ఎంపీసీ, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకి జీఎన్ఎమ్, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా, దారి ఉంది. దానికి ఏ గ్రూపైనా పర్లేదు.

జీఎన్ఎమ్ మూడేళ్లే కదా, బీఎస్సీ నాలుగేళ్లు. జీఎన్ఎమ్ చేసి త్వరగా ఉద్యోగంలో చేరితే నష్టమేంటి?

స్టాఫ్ నర్సు ఉద్యోగమే లక్ష్యమైతే నష్టమేమీ లేదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డుల్లో డాక్టర్లే సలహా అడిగేంత అనుభవమున్న సిస్టర్లలో జీఎన్ఎమ్ చదివినవాళ్లు బోలెడుమంది.

ఎన్‌పీ దాకా వెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది. జీఎన్ఎమ్ మూడేళ్లు, ఆ తర్వాత జీఎన్ఎమ్ వాళ్లు డిగ్రీ కోసం చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు, మొత్తం అయిదు. నేరుగా బీఎస్సీ అయితే నాలుగు. పైగా పీజీకి, విదేశాలకి అప్లై చేసేటప్పుడు రెండు కోర్సుల మార్కుల జాబితాలు, రెండు చోట్ల నుంచి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోవాలి. జీఎన్ఎమ్ చదివిన స్కూల్ ఈలోపు మూతపడితే ఆ తిప్పలు చెప్పనలవి కావు. ఇప్పటికే జీఎన్ఎమ్ చేసినవాళ్లు మాత్రం బాధపడాల్సిన పనిలేదు, పోస్ట్ బేసిక్ పూర్తయితే ఎమ్మెస్సీ నర్సింగ్‌కి అర్హత వస్తుంది. ఎన్‌పీ కోర్సుకి పోస్ట్ బేసిక్‌ను లెక్కలోకి తీసుకుంటారా అన్నది మాత్రం ఫీజు కట్టకముందే ఆ కాలేజీకి ఈమెయిల్ రాసి, జవాబు రాతలోనే తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు.

ఏఎన్ఎమ్ (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) చదివినవాళ్లు?

ముందు జీఎన్ఎమ్, ఆ తర్వాత పోస్ట్ బేసిక్. దూరం ఎక్కువే, దారి మాత్రం ఉంది. ఇంటర్‌లో బైపీసీ ఉండి, వయసు దాటకపోతే నేరుగా బీఎస్సీలో చేరడం నయం.

విశాఖలో మంచి నర్సింగ్ కాలేజీ ఏది?

రోజూ వినే ప్రశ్న ఇది. ఒక పేరు చెప్పేసి ఊరుకోలేను. కేజీహెచ్‌కి అనుబంధంగా ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది, మార్కులు ఉంటే మొదటి ఆప్షన్ అదే పెట్టుకోండి. రుషికొండలో గీతం నర్సింగ్ కాలేజీ ఉంది, అది డీమ్డ్ విశ్వవిద్యాలయం కాబట్టి అడ్మిషన్ దారి వేరు. ఇవి కాక నగరంలో, శివార్లలో ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి. ఏది బాగుందో భవనం చూసి చెప్పలేం.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసీ క్లాస్‌రూమ్, మానికిన్‌లు, అంటే ప్రాక్టీసు చేసే మనిషి బొమ్మలున్న ల్యాబ్ చూపిస్తారు. చూడండి, కాదనను. ఆ తర్వాత ఒక ప్రశ్న అడగండి: "మీ పిల్లలకి క్లినికల్ పోస్టింగ్ ఎక్కడ?" సొంత ఆసుపత్రి ఉంటే దానిలో ఎన్ని బెడ్లు నిజంగా నిండి ఉంటాయో చూడండి. వీలైతే ఉదయం ఏడున్నరకి ఆ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడండి. యూనిఫాం వేసుకున్న పిల్లలు బస్సు దిగి వార్డుల్లోకి వెళ్తున్నారా, వాళ్ల వెంట క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ ఉందా, లేక పదింటికల్లా తిరిగి బస్సెక్కి పోతున్నారా? అరగంటలో మీకే అర్థమవుతుంది. ఖాళీ బెడ్ల పక్కన నిలబడి లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టించుకున్న పిల్ల బీఎస్సీ పాసవుతుంది. కానీ ఐసీయూ ఇంటర్వ్యూలో "ఎన్ని ఇంట్యుబేషన్లకి (శ్వాసనాళంలో గొట్టం వేయడానికి) అసిస్ట్ చేశావమ్మా?" అని అడిగితే నేల చూపులు చూస్తుంది.

ఈ విషయంలో విశాఖ పిల్లలు అదృష్టవంతులు. కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా కేసులు వస్తాయి. కాన్పులకి ఘోషాసుపత్రి, మానసిక వైద్యానికి వాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రి, హనుమంతవాకలో విమ్స్, అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, హెల్త్ సిటీలో కార్పొరేట్ ఆసుపత్రులు. ఒకే ఊళ్లో ఇన్ని రకాల వైద్యం చూసే వీలు రాష్ట్రంలో చాలా చోట్ల లేదు. వీటిలో ఎన్నింటికి తమ పిల్లల్ని పంపుతారో కాలేజీని అడగండి.

ఇక తప్పనిసరిగా చూడాల్సిన కాగితాలు: ఐఎన్‌సీ గుర్తింపు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, యూనివర్సిటీ అఫిలియేషన్. మూడూ మీరు చేరే సంవత్సరానికి ఉన్నాయా అన్నదే లెక్క, అయిదేళ్ల క్రితం ఉన్నాయా అని కాదు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే వచ్చాకే చేరండి.

బీఎస్సీ అయిపోయింది. మొదటి ఉద్యోగం ఎక్కడ చేస్తే మంచిది?

ముందు ఏపీ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోండి, జాతీయ నర్సుల రిజిస్టర్‌లో వచ్చే ఎన్‌యూఐడీ నంబరు జాగ్రత్త పెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌కి ముందు చేసిన ఉద్యోగం అనుభవం కింద చూపించడం కష్టం.

ఎన్‌పీసీసీ మీద మనసుంటే జనరల్ వార్డు కాదు, ఐసీయూలోనే చేరండి. మెడికల్ ఐసీయూ అయితే అన్ని రకాల కేసులూ చేతి మీదుగా పోతాయి. మిడ్‌వైఫరీ వైపు వెళ్లాలంటే లేబర్ రూమ్. ఇక్కడ పిల్లలు జీతం చూసి ఎంచుకుంటారు. రెండు మూడు వేలు తక్కువైనా కేసులు ఎక్కువున్న చోటే చేరమంటాను.

అనుభవ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. "స్టాఫ్ నర్సుగా పనిచేసింది" అని ఒక లైన్ రాసిచ్చేస్తారు. అది చాలదు. ఏ విభాగం, ఎన్ని బెడ్ల ఐసీయూ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఫుల్ టైమా కాదా అన్నీ లెటర్‌హెడ్ మీద రాయించి, నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం తీసుకోండి. మానేసిన మూడేళ్ల తర్వాత వెళ్తే హెచ్ఆర్‌లో ఎవరూ గుర్తుపట్టరు.

ఆసుపత్రి వాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటామంటున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ వెంట తెచ్చుకోండి. నా విద్యార్థిని ఒకమ్మాయికి పీజీ కౌన్సెలింగ్ రోజు దగ్గర పడ్డాక కూడా ఒక ఆసుపత్రి సర్టిఫికెట్లు తిరిగివ్వలేదు, బాండు పూర్తి చేసి వెళ్లమంది. వాళ్ల నాన్నగారు లాయరు నోటీసు పంపితే గానీ ఇవ్వలేదు. ఆ పిల్ల సీటు దక్కించుకుంది కానీ ఆ వారం రోజులూ ఇంట్లో పడిన టెన్షన్ చెప్పలేం.

ఎన్‌పీసీసీ రెండేళ్లలో ఏం నేర్పుతారు?

మొదటి ఏడాదిలో గుండెకాయ లాంటివి మూడు సబ్జెక్టులు: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, అడ్వాన్స్‌డ్ ఫిజికల్ అసెస్‌మెంట్. అంటే జబ్బు ఒంట్లో ఏం చేస్తోంది, మందు ఒంట్లో ఏం చేస్తుంది, ఆ రెండూ పేషెంటు మీద చెయ్యి వేసి, స్టెత్ పెట్టి ఎలా పట్టుకోవాలి. వీటితోపాటు రీసెర్చ్, లీడర్‌షిప్, బోధన ఉంటాయి. రెండో ఏడాది పూర్తిగా క్రిటికల్ కేరే.

తరగతి గది తక్కువ, ఐసీయూ ఎక్కువ. రెసిడెన్సీ అన్నందుకు షిఫ్టులు పడతాయి, నైట్లు పడతాయి. రౌండ్స్‌లో డాక్టర్ల ముందు కేసు మీరే ప్రెజెంట్ చేయాలి. బీఎస్సీలో నేర్చుకున్న "ఆక్సిజన్ ఇచ్చాం, పొజిషన్ మార్చాం" స్థాయి జవాబులు అక్కడ నడవవు. పొటాషియం 6.5 ఉంది, ఈసీజీలో ఏం వెతుకుతావు, ముందు ఏది ఇస్తావు, ఎందుకు? అలా అడుగుతారు. కోర్సు పూర్తయ్యాక ఆ డిగ్రీని రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి.

దేశంలో కొన్ని కాలేజీలే దీన్ని నడుపుతున్నాయి, ఇంటి దగ్గరే దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ఏ కాలేజీకి అనుమతి ఉందో ఐఎన్‌సీ వెబ్‌సైట్‌లో చూడండి.

ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే ఎన్‌పీ అయినట్టేనా?

కాదు. మెడికల్ సర్జికల్, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్, ఈ అయిదు శాఖల్లో ఉండే మామూలు ఎమ్మెస్సీ ఎక్కువమందిని టీచింగ్ వైపు తీసుకెళ్తుంది. ఎన్‌పీసీసీ బెడ్ దగ్గరే ఉంచుతుంది. మనిషి తత్వాన్ని బట్టి ఎంచుకోవాలి. పాఠం చెప్పడం ఇష్టమైతే ఎమ్మెస్సీ, పేషెంటుని వదిలి ఉండలేకపోతే ఎన్‌పీసీసీ. నైట్ డ్యూటీలు తప్పించుకోవడానికి ఎమ్మెస్సీలో చేరేవాళ్లూ ఉన్నారు, తప్పు పట్టను.

ఎంఎల్‌హెచ్‌పీ ఉద్యోగం కూడా ఇలాంటిదే అంటున్నారు, నిజమేనా?

చాలావరకు నిజం. మన రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి ఎన్‌పీ పనికి దగ్గరగా ఉండే ఉద్యోగం ఇదే. అధికారికంగా కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, జనం నోట ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. సబ్ సెంటర్ స్థాయిలో విలేజ్ క్లినిక్‌కి ఈమే పెద్ద దిక్కు. సబ్ సెంటర్ లెక్క మైదానంలో 5,000 జనాభాకి, కొండ ప్రాంతంలో 3,000కి ఒకటి.

అల్లూరి జిల్లాలో ఒక క్లినిక్ ఊహించుకోండి. సంత రోజు. బీపీ మందులు అయిపోయిన పెద్దాయన, జ్వరంతో వణుకుతున్న పిల్లవాడు, తొమ్మిదో నెల గర్భిణి. పెద్దాయనకి బీపీ చూసి మందులు కొనసాగించాలి. పిల్లవాడికి మలేరియా టెస్టు చేయాలి. గర్భిణి కాళ్ల వాపు, బీపీ చూసి, ఇవాళే పాడేరు పంపాలా, వారం ఆగొచ్చా అని తేల్చాలి. డాక్టరు పక్కన లేరు, ఫోన్లోనో టెలిమెడిసిన్లోనో దొరుకుతారు, అదీ సిగ్నల్ ఉంటే. ఐసీయూలో మానిటర్లు చెప్పే సంగతులు ఇక్కడ కళ్లతో, చేతులతో పట్టుకోవాలి. అలాంటి చోట రెండేళ్లు పనిచేసిన పిల్లకి పేషెంటుని అంచనా వేయడం మళ్లీ నేర్పక్కర్లేదు.

మొదట్లో దీనికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు విడిగా చేయాల్సి వచ్చేది. కొత్త బీఎస్సీ సిలబస్‌లో దాన్ని కలిపేశారు. ఎన్‌పీసీసీకి అప్లై చేసేటప్పుడు మాత్రం ఐసీయూ అనుభవం ఉన్నవాళ్లకి మొగ్గు ఉంటుందని మరిచిపోవద్దు.

అమెరికా వెళ్లి నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే?

రెండు దశలుగా చూడాలి. ముందు అక్కడ రిజిస్టర్డ్ నర్సు అవ్వాలి, తర్వాత అక్కడి ఎన్‌పీ చదువు చదవాలి.

మొదటి దశలో చదువు వివరాలు మదింపు చేయించుకోవాలి. ఈ పని ఎక్కువగా సీజీఎఫ్ఎన్ఎస్ చేస్తుంది, ఈ మధ్యే ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. అప్లై చేసిన రాష్ట్రపు నర్సింగ్ బోర్డు అనుమతి ఇచ్చాక ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్, అంటే అక్కడి రిజిస్టర్డ్ నర్సు (ఆర్ఎన్) లైసెన్స్ పరీక్ష. హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. ఫీజు 200 డాలర్లు, విదేశీ సెంటర్‌లో రాసినందుకు ఇంకో 150. కంప్యూటర్ మన జవాబుల్ని బట్టి తర్వాతి ప్రశ్న ఇస్తుంది, 85 నుంచి 150 ప్రశ్నలు, గరిష్ఠంగా అయిదు గంటలు. కొన్ని రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా లైసెన్స్ ఇవ్వవు, కాబట్టి రాష్ట్రం ఎంచుకునే ముందు ఆ సంగతి చూసుకోండి.

పరీక్ష కంటే వీసా కష్టం. నర్సులకి సాధారణంగా ఈబీ-3 గ్రీన్‌కార్డు దారి. భారత్‌లో పుట్టినవాళ్ల క్యూ చాలా పొడవు. ఎవరి వంతు ఎక్కడుందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్లలో, ఈ మధ్యకాలంలో మన తేదీ పదేళ్లకు పైగా వెనకబడే ఉంది. "ఎన్‌క్లెక్స్ పాసైతే ఏడాదిలో అమెరికా" అనే కన్సల్టెన్సీని ఈ బులెటిన్ చూపించి అడగండి, ఏమంటారో చూద్దాం.

ఇంకో దారి స్టూడెంట్ వీసా. అక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్ఎన్ (నర్సింగ్ మాస్టర్స్) లేదా డీఎన్‌పీ (నర్సింగ్ డాక్టరేట్)లో చేరడం. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికాలో ఎన్‌పీ కోర్సులు చాలావరకు ఆన్‌లైన్‌లో నడుస్తాయి, ఎందుకంటే అక్కడి నర్సులు ఉద్యోగం చేస్తూ చదువుతారు. ఎఫ్-1 వీసా మీద ఆన్‌లైన్ కోర్సు కుదరదు, క్యాంపస్‌లో కూర్చుని చదివే ప్రోగ్రాం వెతకాలి. ఎక్కువ ప్రోగ్రాంలు చేరే ముందే అమెరికా ఆర్ఎన్ లైసెన్స్ అడుగుతాయి. అంటే ఎన్‌క్లెక్స్ ఇక్కడే పాసై ఉండాలి. కోర్సులో కనీసం 750 గంటలు నేరుగా పేషెంట్ల దగ్గర చేయాలని 2022 నాటి అక్కడి జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్యామిలీ, అక్యూట్ కేర్, సైకియాట్రీ, పిల్లలు, నవజాత శిశువులు ఇలా ఏ వయసువాళ్లని, ఏ జబ్బుల్ని చూస్తారో ముందే ఎంచుకోవాలి. ఫ్యామిలీ ఎన్‌పీ చదివి ఐసీయూలో చేరతానంటే చాలాచోట్ల ఒప్పుకోరు. చివర్లో జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, ఆ తర్వాత రాష్ట్ర లైసెన్స్.

ఈ దారిలో ఒక లాభం ఉంది. మామూలు నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ సాధారణంగా రాదు, నర్స్ ప్రాక్టీషనర్ ఉద్యోగానికి అప్లై చేయొచ్చు. ఖర్చు మాత్రం ఇల్లు తాకట్టు పెట్టే స్థాయిలో ఉంటుంది.

ఇక్కడ చేసిన ఎన్‌పీసీసీ అమెరికాలో చెల్లుతుందా?

నేరుగా చెల్లదు. అక్కడి సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే అక్కడ గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదివి ఉండాలి. ఇక్కడ నేర్చుకున్న పని అక్కడ చదువు తేలిక చేస్తుంది, అంతవరకే.

అమెరికా కాకపోతే?

ఆస్ట్రేలియాలో నర్స్ ప్రాక్టీషనర్ అన్న పేరుకి చట్ట రక్షణ ఉంది. ఆమోదించిన మాస్టర్స్ కోర్సు, గత ఆరేళ్లలో 5,000 గంటల అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ చూపించాలి. అక్కడ కొన్నేళ్లు నర్సుగా చేశాక ఆలోచించాల్సిన సంగతి. బ్రిటన్‌లో ముందు ఎన్ఎమ్‌సీ, అంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్, రిజిస్ట్రేషన్: ఇంగ్లిష్ టెస్టు, కంప్యూటర్ పరీక్ష, ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. తర్వాత ఆసుపత్రి స్పాన్సర్ చేస్తే అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ మాస్టర్స్, మందులు రాసే కోర్సు చేయొచ్చు. డబ్బు ఎదురు పెట్టలేని కుటుంబాలకి అమెరికా కంటే ఈ దారులే నయమనిపిస్తుంది నాకు.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ టెస్టు దాటగలనా?

దాటగలరు. ఐఈఎల్‌టీఎస్‌లో బ్రిటన్‌కి చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది రాయడం దగ్గరే. వైద్య రంగం వాళ్లకున్న ఇంగ్లిష్ టెస్టు ఓఈటీ అయితే వైద్య సంబంధమైన సంభాషణలు, రిఫరల్ లెటర్లు ఉంటాయి, నర్సులకి కొంత తేలిక. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే హ్యాండోవర్ నోట్స్ పొడి అక్షరాల్లో కాకుండా పూర్తి వాక్యాల్లో రాయడం మొదలుపెట్టండి. పైసా ఖర్చు లేని కోచింగ్ అది.

సర్టిఫికెట్లలో పేరు తేడా ఉంది, ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, ఆధార్‌లో ఒట్టి ఇనిషియల్, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు. మన తెలుగువాళ్లందరిదీ ఇదే కథ. విదేశీ బోర్డులకి ఇవి నలుగురు వేర్వేరు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. బీఎస్సీలో చేరకముందే టెన్త్ మెమోలో ఎలా ఉందో ఆధార్, పాస్‌పోర్టు అలాగే ఉండేలా సరిచేయించండి. నాలుగేళ్ల తర్వాత అయితే యూనివర్సిటీ, కౌన్సిల్, పాస్‌పోర్టు ఆఫీసు అన్నీ తిరగాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చాలా వద్దా అన్నది ఈ కాగితాలు చూసుకుని నిర్ణయించుకోండి.

మొత్తం ఎన్నేళ్లు పడుతుంది?

ఇంటర్ అయ్యాక బీఎస్సీ నాలుగు, ఐసీయూలో కనీసం ఒకటి, ఎన్‌పీసీసీ రెండు. ఎక్కడా ఆగకపోతే 25 ఏళ్లకి పూర్తవుతుంది. ఐసీయూలో ఒకటి కాదు, రెండు మూడేళ్లు చేసి వెళ్లండి. ఏడాది అనుభవంతో వెళ్లినవాళ్లకి మొదట్లో ఊపిరాడదు.

పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. పీజీని పెళ్లయ్యాక చదివించుకోవచ్చా?

అమ్మాయిని అడగండి. రెసిడెన్సీలో నైట్లు, పన్నెండు గంటల షిఫ్టులు ఉంటాయని సంబంధం మాట్లాడేటప్పుడే అబ్బాయి తరపువాళ్లకి స్పష్టంగా చెప్పండి. "పెళ్లయ్యాక చూద్దాం" అన్న మాట దగ్గరే చాలామంది చదువు ఆగిపోవడం చూశాను.

అబ్బాయిలు చేరొచ్చా?

చేరొచ్చు. కొన్ని కాలేజీల్లో సీట్లు అమ్మాయిలకే ఉంటాయి, నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఐసీయూల్లో, క్యాజువాలిటీల్లో మేల్ నర్సులకి మంచి డిమాండ్ ఉంది.

మా పాప ఇంటర్ సెకండియర్. ఇప్పుడే చేయాల్సింది ఏమైనా ఉందా?

మూడు పనులు. ఆధార్, టెన్త్ మెమో పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సచివాలయంలో ఇప్పుడే అప్లై చేయండి, కౌన్సెలింగ్ ముందు రోజు కాదు. తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే, నైట్ డ్యూటీ దిగి వచ్చాక, టీ తాగుతూ గంటసేపు పాపతో మాట్లాడమనండి. మీరు పక్కన కూర్చోవద్దు.